అత్తగారి అడుగులు, కంప్యూటరు లెక్క

మా అత్తగారికి ఊపిరితిత్తుల జబ్బని తేలేసరికి ఆవిడకి అరవై దాటాయి. అప్పటికి ముప్పై ఏళ్ళకి పైగా ఆవిడ పూతరేకులు తీశారు. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో ఆ పని చేసే ఇళ్ళు చాలా ఉండేవి. పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులు మండించి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డని ఆ వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వచ్చేది. కొబ్బరాకు గుప్పున మండి గుప్పున ఆరిపోతుంది కాబట్టి నిమిషానికోసారి ఆకు తోస్తూ ఉండాలి. పొద్దున్న పీట మీద కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేచేవారు. అన్నేళ్ళూ పొగ ఆవిడ మొహం మీదికే వచ్చింది.

మొదట దగ్గు. తరవాత మెట్లెక్కితే ఆయాసం. ఆ తరవాత దొడ్లోంచి వసారాలోకి వచ్చినా స్తంభం పట్టుకుని నిలబడి పెదాలు బిగించి ఊపిరి వదిలేవారు. రాజమండ్రిలో ఛాతీ డాక్టరుగారు ఆవిడ చేత ఒక గొట్టంలోకి ఊదించి, కాగితం చూసి, పొగవల్ల ఊపిరితిత్తులు పాడయ్యాయని, పోయింది తిరిగి రాదని చెప్పారు. పీల్చే మందు రాశారు. చివర్లో, మేం లేవబోతుంటే, "నడిపించండమ్మా. ఆయాసమని కూర్చుంటే ఇంకా ఆయాసం పెరుగుతుంది" అన్నారు. ఎంత నడవాలి, ఎలా నడవాలి, ఆయాసం వస్తే ఏం చెయ్యాలి అని నేను అడిగేలోపే తరవాతి వాళ్ళని పిలిచారు.

ఇది రెండువేల ఏడెనిమిది ప్రాంతంలో సంగతి. మా ఆడపడుచు మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉండేది. సంగతి వినగానే వాళ్ళ డాక్టరమ్మని అడిగి, ఎక్కడో దూరదేశంలో నడిపే ఒక ప్రోగ్రాం పట్టుకుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళని ఇంటి దగ్గరే ఉంచి, ఇంటర్నెట్‌లో నడక నేర్పిస్తారట. నడుముకి తగిలించుకుంటే అడుగులు లెక్కపెట్టే చిన్న మిషను ఒకటి ఉంటుంది. వారానికోసారి ఆ అంకెలు కంప్యూటర్లో ఎక్కిస్తే, వచ్చే వారం ఎన్ని అడుగులు వెయ్యాలో అదే చెబుతుంది. సెలవుకి వస్తున్న రావులపాలెం ఆవిడ చేతికిచ్చి మిషను పంపించింది. ఫోన్లో నాతో, "వదినా, నువ్వు చదువుకున్నావు కదా, నువ్వే చూసుకోవాలి. నాకు రోజూ డ్యూటీయే" అంది.

నేను డిగ్రీ రెండో ఏడు దాకా చదివాను. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. అలా ఆ పని నాకు వచ్చిపడింది.

కొత్తపేటలో బస్టాండుకి కాస్త అవతల ఒక నెట్ సెంటరు ఉండేది. దాన్ని నడిపేది పూర్వం టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టుకున్న పెద్దాయన. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక మిషన్లు తీసేసి నాలుగు కంప్యూటర్లు పెట్టారు. మొదటిరోజు అత్తగారిని కూడా తీసుకెళ్ళాను, ప్రశ్నలుంటాయని. నిజంగానే బోలెడు ఉన్నాయి. నేను చదివి తెలుగులో అడగడం, ఆవిడ చెప్పడం.

"పొగ తాగుతారా అని అడుగుతోందండీ."

అత్తగారు నా మొహం చూశారు. "ఎవరు, నేనా?"

"ఆయ్. సిగరెట్లు, చుట్టలు. తాగుతారా, తాగరా, మానేశారా. మూడే ఉన్నాయండి."

"తాగేనని రాయమ్మా. ముప్పై ఏళ్ళు తాగేను. చుట్ట కాదు, కొబ్బరాకు."

పక్క కుర్చీలో ఉన్నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కొబ్బరాకు రాయడానికి అక్కడ చోటే లేదు. మూడింట్లో ఒకటి నొక్కితే తప్ప తరవాతి పేజీ రావడం లేదు, 'తాగరు' అని నొక్కాను. ఆవిడ జబ్బుకి కారణమేమిటో ఆ ప్రోగ్రాంకి ఆ క్షణం నుంచీ తెలియకుండా పోయింది.

మొదటి వారం ఊరికే మామూలుగా తిరగమంది. రోజుకి ఎనిమిది వందలు, తొమ్మిది వందల అడుగులు వచ్చాయి. మంచం, పెరడు, వంటిల్లు, వసారా, అంతే. రెండో వారం నుంచి లక్ష్యం పెట్టింది. రోజుకి రెండుసార్లు, ఆగకుండా పది నిమిషాలు నడవాలని, మెత్తటి బూట్లు వేసుకోవాలని, ఎండగా ఉంటే పెద్ద దుకాణాల సముదాయం లోపల నడవమని రాసింది. అది చదివి వినిపించాక అత్తగారు తన హవాయి చెప్పుల వైపు చూసుకున్నారు.

సాయంత్రం నాలుగున్నరకి కాలవ గట్టు మీదికి బయల్దేరాం. గట్టు చేరేలోపు వీధిలో పదిహేను గుమ్మాలున్నాయి. పదిహేను గుమ్మాల్లోంచీ పలకరింపులే.

"ఏమండీ అక్కయ్యగారూ, ఎక్కడికి బయల్దేరేరు?"

ఎక్కడికీ కాదని చెప్పేసి సాగిపోవడం మా వీధిలో ఎవరికీ చేతకాదు. అత్తగారు ఆగేవారు. ఊపిరి తీసుకునేవారు. "ఎక్కడికీ లేదమ్మా... డాక్టరుగారు... నడవమన్నారు" అని మూడు ముక్కలుగా చెప్పేవారు. వాళ్ళు ఊరుకునేవారా? ఏ డాక్టరు, ఏం మందు, వాళ్ళ చిన్నమామగారికీ ఇలాగే ఉంటే ఫలానా కషాయంతో తగ్గింది, కాస్త కూర్చుని వెళ్ళండి. కూర్చోకపోతే మర్యాద కాదు. మాట్లాడుతూ నడవడానికి ఆవిడకి ఊపిరి చాలదు, మాట్లాడకుండా వెళ్ళడానికి మనసొప్పదు. గట్టు చేరేసరికి పావుగంట అయ్యేది. మిషన్లో చూస్తే రెండువందల చిల్లర అడుగులు.

రెండు రోజులయ్యాక నేను ముందు నడవడం మొదలుపెట్టాను. ఎవరన్నా గుమ్మంలోకి వస్తే ఆవిడ నోరు తెరవకముందే నేనే గట్టిగా, "నడకండీ, ఆగకూడదండీ!" అని అరిచేదాన్ని. అది చూసి కోడలు అత్తగారిని ఎద్దుని తోలినట్టు తోలుతోందని వీధిలో అనుకున్నారు. మా తోడికోడలు వచ్చి చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు మళ్ళీ అరుస్తూనే వెళ్ళాను. ఇంకేం చెయ్యను?

ఆదివారాలు నెట్ సెంటరుకి వెళ్ళేదాన్ని. ఆటో దిగి లోపలికి వెళ్తే సగం వారాలు కరెంటు ఉండేది కాదు. ఉంటే నెట్ ఉండేది కాదు. రెండూ ఉంటే ఆ ప్రోగ్రాం పేజీ తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టేది. ఏడు రోజుల అంకెలు ఎక్కించి, పంపు అని నొక్కేసరికి, మీరు చాలాసేపు ఏమీ చెయ్యలేదు కాబట్టి బయటికి పంపించేశాం, మళ్ళీ మొదటినుంచి రండి అని వచ్చేది. నేను ఏమీ చెయ్యకపోవడం ఏమిటి, ఎదురుగా కూర్చుని తెర వైపు చూస్తూనే ఉన్నాను కదా! ఒకసారి కోపం పట్టలేక కీబోర్డు మీద చేత్తో కొట్టాను. పెద్దాయన నెమ్మదిగా, "నేను ముప్పై ఏళ్ళు టైపు నేర్పేనమ్మా. మిషను మీద కోపం చూపిస్తే మన వేళ్ళే నెప్పెడతాయండి" అన్నారు.

ఆ మిషనుకి ఒక వైరు కూడా ఇచ్చారు. దాన్ని కంప్యూటరుకి తగిలిస్తే అంకెలు వాటంతటవే ఎక్కుతాయిట. అందుకు ఏదో ఎక్కించుకోవాలి. పెద్దాయన ఒప్పుకోలేదు. అలాంటిదే ఎవరో ఎక్కిస్తే మొన్న రెండు కంప్యూటర్లు వైరస్ పట్టి పడుకున్నాయిట. ఆయన్ని తప్పుపట్టలేను.

ఇలా నెలన్నర గడిచింది. అయినా చెప్పొద్దూ, అత్తగారు నడిచారు. రోజుకి పద్దెనిమిది వందలు, ఒక్కోరోజు రెండువేలు. గట్టు మీద మైలురాయి దాకా వెళ్ళి, దాని మీద చెయ్యి వేసి, ఆగి ఊపిరి తీసుకుని వెనక్కి వచ్చేవారు. పొద్దున్న తన స్నానానికి తానే నీళ్ళు తోడుకోవడం మొదలుపెట్టారు. నేను చూడనట్టు ఊరుకున్నాను, చూస్తే మానేస్తారని.

అప్పుడు అప్పనపల్లి వెళ్ళొచ్చాం. మా ఆయనకి ఏదో మొక్కు. బస్సులో వెళ్ళి, అక్కడినుంచి ఆటో ఎక్కాం. రోడ్డు అంతా గోతులు. ఆ రోజు మిషను తీసి ఇంట్లో పెట్టాలని నాకు తట్టలేదు, ఆవిడా తియ్యలేదు. ఆటో ఎగిరిన ప్రతిసారీ అది ఒక అడుగు వేసుకుంది. రాత్రి చూస్తే ఏడువేల పైన ఉంది. చదివి చెబితే అత్తగారు మురిసిపోయారు. "దేవుడి దగ్గరికి వెళ్తే ఎంత నడిచేనో చూడమ్మా" అన్నారు. ఆటో సంగతి చెప్పలేకపోయాను.

ఆదివారం అంకెలు ఎక్కించేటప్పుడు ఆ రోజుది వదిలేద్దామనుకున్నాను. ఒక్క రోజు ఖాళీ ఉన్నా పేజీ ఒప్పుకోలేదు. సున్నా రాస్తే తప్పు అంకె అంది. సరే, ఉన్నదే వేశాను. అది మెచ్చుకుని, వారం సగటు కట్టి, వచ్చే వారం రోజుకి మూడువేల రెండువందలు నడవమంది. వెనక్కి వెళ్ళి దిద్దడానికి దారి లేదు. సాయం కావాలంటే రాయమన్నచోట, నాకొచ్చిన ఇంగ్లీషులో, అది ఆటో, అడుగులు కాదు అని రాశాను. వెంటనే జవాబు వచ్చింది. మీ ఉత్తరం అందింది, మీ ఆరోగ్యం మాకు ముఖ్యం అని. అంతే, ఇంకేమీ రాలేదు.

ఆ వారం ఆవిడ మూడువేల రెండువందలు అందుకోలేదు. ఎలా అందుకుంటారు? ఆదివారం పేజీలో ఒక ఎర్ర బొమ్మ మూతి ముడుచుకుని కనబడింది. ఇంటికి రాగానే వసారాలోంచి అడిగారు.

"ఏమందమ్మా కంప్యూటరు?"

"ఇంకా కొంచెం నడవాలందండి."

"ఇంకానా?" అని తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు. మర్నాడు మైలురాయి దాటి వెళ్ళబోయి, దారిలో కూలబడి, గట్టు మీద నా ఒళ్ళో తల పెట్టుకుని పావుగంట పడుకున్నారు. ఆవిడ పెదాలు నీలంగా తిరగడం చూశాను. అటు వెళ్తున్న సైకిలాయన ఆగి నీళ్ళిచ్చాడు. ఆ పావుగంటలో నేను ఆ ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళని తిట్టని తిట్టు లేదు. నన్ను నేనూ తిట్టుకున్నాను.

ఆ తరవాత తప్పు చేశాను. అబద్ధపు అంకెలు వేశాను. ఆవిడని రోజూ మైలురాయి దగ్గరే ఆపేసి, కంప్యూటర్లో మాత్రం అది అడిగినంత వేశాను. అది ఇంకా పెంచింది, నేనూ పెంచాను. ఎర్ర బొమ్మ పోయి పచ్చ బొమ్మ నవ్వుతూ వచ్చింది. మా ఆయనకి చెబితే, "పోనీలే, ఎవరికి నష్టం?" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కనీసం ఆదివారాలు ప్రశాంతంగా ఉన్నాయి.

మస్కట్‌లో మా ఆడపడుచు కూడా ఆ పేజీ చూడగలదని నేను మర్చిపోయాను. ఒక శుక్రవారం ఫోన్ చేసి నేరుగా వాళ్ళమ్మని ఇమ్మంది. పక్కనే కూర్చుని కూర తరుగుతున్న నాకు దాని గొంతు వినబడుతూనే ఉంది. "అమ్మా! ఐదువేలు నడుస్తున్నావంటే! మా డాక్టరమ్మకి చూపించేను. అందరూ చప్పట్లు కొట్టేరు!"

అత్తగారు "ఆయ్... ఆయ్" అని విని, ఫోన్ నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి నేనే వెళ్ళాను.

"ఐదువేలని ఎవరు రాసేరమ్మా?"

"నేనేనండి."

"ఎందుకు?"

"అది పెంచుకుంటూ పోతోందండీ. మీరు చెయ్యలేనిది అడుగుతోంది. ఆ రోజు గట్టు మీద..." అన్నాను.

ఆవిడ మంచం మీద కూర్చున్నారు. చాలాసేపు ఊపిరి సర్దుకున్నారు. "నేను చదువుకోలేదు. ఆ మిషన్లో అంకె నాకు తెలీదు. మైలురాయి తెలుసు. దాని దాకా వెళ్ళొస్తే, ఇవాళ వెళ్ళేను అనుకుని పడుకుంటున్నాను. నువ్వు నాది చెరిపేసి ఇంకెవరిదో రాసేవు."

"అత్తయ్యగారూ, మీకోసమే..."

"నాకోసం కాదు. దాని చేత తిట్టు తినలేక రాసేవు. నేను తింటానమ్మా, నాకేం? నడిచిందే రాయి."

ఆవిడ కోప్పడి ఉంటే తేలికయ్యేది. కోప్పడలేదు.

ఆ ఆదివారం నిజం అంకెలు వేశాను. ఐదువేల నుంచి ఒక్కసారి పదిహేడు వందలకి పడేసరికి ఆ ప్రోగ్రాం కంగారుపడింది. కొత్త పేజీ తెరిచి ప్రశ్నలు వేసింది. ఈ వారం ఆయాసం ఎక్కువైందా? ఛాతీలో బిగుతుగా ఉందా? పెదాలు నీలంగా తిరిగాయా? నిజమే రాయాలని ఒట్టు పెట్టుకున్నానేమో, ఛాతీ బిగుతు గురించి ఉంది అని నొక్కాను. నీలం గురించీ ఉంది అని నొక్కాను, అది ఆ వారం సంగతి కాకపోయినా. వెంటనే తెరంతా ఎర్రగా మారింది. నడక ఆపెయ్యండి, మీ డాక్టరు సంతకం చేసిన కాగితం పంపేదాకా మీ ఖాతా మూసేశాం అని రాసింది. కింద ఆ కాగితం ఉంది. నాలుగు పేజీలు. పెద్దాయన అచ్చు వేసిచ్చారు.

రాజమండ్రి వెళ్ళాం. మా వంతు రావడానికి మధ్యాహ్నమైంది. డాక్టరుగారు కాగితాలు అటూ ఇటూ తిప్పారు.

"ఇదెవరమ్మా? ఏ ఆసుపత్రి?"

"బయటి దేశానిదండి. నడక నేర్పిస్తారు."

"నడక మంచిదే. నేనే చెప్పేను కదా నడవమని. కానీ ఎవరో నడిపే దానికి, ఏమన్నా అయితే బాధ్యత నాదని ఇక్కడ రాసుంది చూడండి. దీని మీద సంతకం ఎలా పెడతానండి?"

"మరి ఎంత నడవచ్చో మీరైనా చెప్పండి డాక్టరుగారూ."

"ఓపిక ఉన్నంత. ఆయాసం వస్తే ఆగండి. తగ్గేక మళ్ళీ నడవండి."

అదే ముక్క మొదటిరోజు చెప్పి ఉంటే! బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చుని, "ఆయన చెప్పింది నాకు అర్థమైంది. ఆగమన్నాడు, మళ్ళీ నడవమన్నాడు. కంప్యూటరు ఆగనివ్వదు" అన్నారు. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పారు.

సంతకం లేకుండానే, జరిగిందంతా రాసి పంపించాను. ఆటో సంగతి, నా అబద్ధం సంగతి, కొబ్బరాకు సంగతి. తప్పులు పెద్దాయన దిద్దిపెట్టారు. రెండు వారాలకి జవాబు వచ్చింది. మీరు మా ప్రోగ్రాం పూర్తిచేసినందుకు అభినందనలు, మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలిస్తారు అని. అది చదివి పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను బయటికొచ్చి బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాను. రెండు బస్సులు వెళ్ళిపోయినా లేవబుద్ధి కాలేదు.

అత్తగారు నడక మానలేదు. ఆగుతూ, మళ్ళీ నడుస్తూ వెళ్ళేవారు. గుమ్మాల్లో వాళ్ళకీ అలవాటైపోయి పలకరించడం మానేశారు. చెయ్యెత్తి ఊపేవారు, అంతే. వానాకాలంలో గట్టు బురదైపోతే వసారాలోనే ఆ చివరినుంచి ఈ చివరికి తిరిగేవారు. జబ్బు తగ్గలేదు. మధ్యలో రెండుసార్లు ఆసుపత్రిలో పడుకున్నారు. ఆ తరవాత నాలుగేళ్ళు బతికారు. చివరి కొద్ది నెలలూ తప్ప తన నీళ్ళు తానే తోడుకున్నారు.

ఆ ప్రోగ్రాం ఆగిపోయిన మరుసటి ఎండాకాలమే మా ఆడపడుచు సెలవు మీద వచ్చింది. అమ్మ నడక చూడాలని మొదటిరోజు సాయంత్రమే బయల్దేరింది. ముగ్గురం గట్టెక్కాం. అత్తగారు కూతురు చూస్తోందని కాస్త వేగంగా నడవబోయి, మొదటి తూము దగ్గరే ఆగిపోయారు. వంగి, మోకాళ్ళ మీద చేతులాన్చి, పెదాలు బిగించి ఊపిరి వదులుతున్నారు.

మా ఆడపడుచు చేతి గడియారం చూసుకుంది. "ఇంతేనా అమ్మా?" అంది. నిజంగా ఆశ్చర్యపోయి అడిగింది పాపం, ఎగతాళిగా కాదు. ఖాతా మూసేశాక ఆ పేజీ దానికీ కనబడలేదు, అప్పటికి నా అబద్ధం సంగతి ఇంకా చెప్పలేదు దానికి. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని నెలల కోపమూ దాని మీదికే వెళ్ళింది.

"ఇంతే! ఇంత నడవడానికి ఎంత పట్టిందో నీకు తెలుసా? అక్కడ కూర్చుని అంకెలు చూసి చప్పట్లు కొట్టేరు. అవన్నీ నేను రాసినవి. ఒక్కటీ నిజం కాదు. ఇదే నిజం, చూసుకో!"

గట్టు మీద వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. ఆడపడుచు మీద గొంతెత్తడం నా కాపురంలో అదే మొదటిసారి. అత్తగారు ఊపిరి సర్దుకుని, ఇద్దరి వైపూ చూసి, "మీరు తరవాత పోట్లాడుకుందురుగాని. చీకటి పడుతోంది, నన్ను రాయి దాకా వెళ్ళనియ్యండి" అన్నారు.

వెళ్ళాం. మధ్యలో ఇంకా మూడుసార్లు ఆగాం. ఆగినప్పుడల్లా మా ఆడపడుచు కూడా ఆగింది, గడియారం చూడలేదు. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. అబద్ధపు అంకెలు వేసిన తప్పు దాని దగ్గర ఒప్పుకున్నాను గాని, గట్టు మీద అరిచినందుకు మాత్రం ఇప్పటికీ క్షమించమని అడగలేదు. మర్నాడు సాయంత్రం తల్లీకూతుళ్ళిద్దరే వెళ్ళారు. నేను వంటింట్లో ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి బాగా పొద్దుపోయింది. ఎంత దూరం వెళ్ళారని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.